నలభై పైసల బాకీ

తెల్లవారుజామున మూడింటికి మా ఇంట్లో అందరికంటే ముందు కిరసనాయిలు స్టవ్వు లేచేది. దాని బుసకి నాన్న లేచేవాడు. నాలుగున్నర బస్సుకి నాలుగింటికల్లా డిపోలో ఉండాలి. దుప్పటి ముసుగేసుకుని పడుకున్న మాకు ఆ గంటసేపూ ఏ చప్పుడు తర్వాత ఏ చప్పుడో తెలుసు. బావిలో చేద. గంజి పెట్టిన ఖాకీ చొక్కా మడత విడిన చప్పుడు. క్యారేజీ గిన్నెలు ఒకదానిమీద ఒకటి కూర్చోవడం. వీధి గుమ్మంలో సైకిలు స్టాండు. సైకిలు సందు మలుపు తిరిగిందనుకున్నాక మాకు మళ్లీ నిద్రపట్టేది.

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. 1974లో బందరు డిపోలో చేరి 2008లో, యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యాడు. ఆయన పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం నాడు తమ్ముడు పిండాలు పెడుతుంటే వెనక కూర్చుని లెక్కేసుకున్నాను. ఆ ముప్పై నాలుగేళ్లలో పండగపూట నాన్న ఇంట్లో ఉన్నది ఎన్నిసార్లు? రెండు చేతుల వేళ్లు సరిపోయాయి. అయినా మా చిన్నతనం ఏ మూల కదిపినా నాన్నే కనపడతాడు. అదెలా కుదిరిందో, ఆయన ఎలా కుదిర్చాడో చెప్పుకోవాలని ఉంది.

టిక్కెట్లు కొట్టే టిమ్ము మిషన్లు రాకముందు కండక్టరు పనంటే సగం లెక్కల పని. ట్రేలో పల్చటి టిక్కెట్ల కట్టలు, ధరకొక రంగు, ప్రతి టిక్కెట్టుకీ నంబరు. చేతిలో పంచి. భుజానికి తోలుసంచీ. స్టేజీ వచ్చిన ప్రతిసారీ ఏ ధర టిక్కెట్టు ఏ నంబరు దాకా తెగిందో ఎస్సార్ కాగితంలో రాయాలి. ఊగే బస్సులో, మనుషుల మధ్య, ఒంటి మోకాలు సీటుకి ఆనించి రాయాలి. డ్యూటీ ఎక్కేముందు జేబులో సొంత డబ్బు ఎంతుందో కూడా రాసివ్వాలి. దారిలో చెకింగు వాళ్లు బస్సాపితే సంచీలో డబ్బు, తెగిన టిక్కెట్లు, రాసిచ్చిన సొంత డబ్బు పైసాతో సహా సరిపోవాలి. తక్కువైతే తప్పు. ఎక్కువైనా తప్పే.

టిక్కెట్లు విడదీయడానికి చాలామంది వేలు నాలిక్కి రాసుకునేవాళ్లు. నాన్నకి అది నచ్చేది కాదు. "ఆ కాగితం పట్టుకుని పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు" అనేవాడు. అందుకని అమ్మ పాత అమృతాంజనం డబ్బాలో తడి స్పాంజి ముక్క పెట్టి ఇచ్చేది. రోజూ పొద్దున్నే క్యారేజీతో పాటు ఆ డబ్బా. అన్ని ఏళ్లూ ఆయన వేళ్లకి పంచి కాయ ఉండేది, చిల్లర వాసన ఉండేది, సన్నగా అమృతాంజనం వాసన కూడా ఉండేది. మూడూ కలిసిన ఆ వాసన నాకు ఇంకెక్కడా తగల్లేదు.

ఎక్కాలు మాకు టిక్కెట్లతోనే వచ్చాయి. పడుకోబోయే ముందు అడిగేవాడు. "అరవై పైసలవి ఏడు తెగినాయి, రూపాయి పది పైసలవి నాలుగు. కలెక్షనెంతమ్మా?" నేను ఎనిమిది అరవై అనేలోపు తమ్ముడు ఏదో ఒకటి అరిచేవాడు. "చూశావా, చార్జీమెమో తెచ్చుకున్నావు" అని వాడి బుగ్గ పట్టుకునేవాడు.

ఆర్టీసీ చరిత్రా అలాగే వచ్చింది మాకు, పడక కథల్లో. నిజాం రాజ్యంలో 1932లో రైల్వేతో కలిపి 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైందని, 1958 జనవరి 11న ఆర్టీసీ అనే సంస్థ అయిందని, ఆ తర్వాత కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లు తీసుకుంటుంటే యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారని. వీటన్నిటిలో ఆయనకి ఇష్టమైనది ఒకటుంది. బస్సు నంబరులో జెడ్ అక్షరం ఎందుకో తెలుసా అని వచ్చిన ప్రతి చుట్టాన్నీ అడిగేవాడు. నిజాం గారి తల్లి పేరు జహ్రా బేగం, ఆవిడ పేరులో మొదటి అక్షరం అది. కొడుకు తల్లి పేరు బస్సుల మీద పెట్టించుకున్నాడని డిపోల్లో చెప్పుకునే మాట. "రాజుగారు కదా, కోట కట్టించొచ్చు. బస్సు మీద రాయించాడు. రోజూ ఊరూరా తిరుగుతుంది చూడు అమ్మ పేరు" అనేవాడు నాన్న. ఎర్రబస్సు దిగొచ్చినవాడు అని ఎవర్నైనా ఎగతాళి చేయడం వింటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆ బస్సు మా అన్నం.

సంక్రాంతి మా ఇంటికి ఆలస్యంగా వచ్చేది. ఊళ్లకు వచ్చేవాళ్లు వచ్చేదాకా స్పెషల్ బస్సులు, తిరిగి వెళ్లేవాళ్లు వెళ్లేదాకా స్పెషల్ బస్సులు. లోకం భోగి మంటలేసుకుంటున్నప్పుడు నాన్న హైదరాబాదు నుంచి నిలబడి వస్తుండేవాడు. కనుమ, ముక్కనుమ అన్నీ దాటాక ఏదో ఒక మామూలు రోజున అమ్మ తలంట్లు పోసి, దాచిన అరిసెలు తీసి, కొత్తబట్టలకి పసుపు పెట్టేది. ఆరోజు బడి ఉన్నా మేం వెళ్లేవాళ్లం కాదు. ఎందుకు రాలేదని మేష్టారు అడిగితే ఆర్టీసీ పండగండీ అని చెప్పాడు మా తమ్ముడు. క్లాసంతా నవ్వింది. వాడు ఏడవలేదు, అది నిజంగానే ఒక పండగనుకున్నాడు.

ఒక సంక్రాంతికి మాత్రం అమ్మకి ఎందుకో పట్టుదలొచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. క్యారేజీలో పులిహోర, చక్రపొంగలి సర్ది, మా ఇద్దరికీ కొత్తబట్టలు తొడిగి బందరు బస్టాండుకి నడిపించింది. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్లే బస్సు. తలుపు దగ్గర నాన్న. మమ్మల్ని చూసి ఆయన మొహం ఎలా మారిందో చెప్పను, నాకు రాదు. ఎక్కించుకున్నాడు. బస్సు కదిలి, అందరి టిక్కెట్లూ కొట్టుకుంటూ మా సీటు దగ్గరికొచ్చి, పంచి ఆడిస్తూ నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మా?"

అమ్మ కొంగు ముడి విప్పింది. "ఒక ఫుల్లు, రెండు హాఫ్‌లండీ. అవనిగడ్డ."

టిక్కెట్లు కొట్టి, డబ్బు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి అమ్మ చేతిలో పెట్టాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. మన బస్సే కదా నాన్నా అన్నాను. వంగి నా చెవిలో చెప్పాడు. "నువ్వు నా కూతురివని చెకింగు వాళ్లకి నీ మొహం మీద రాసుండదు కదమ్మలూ. టిక్కెట్టుంటే దర్జాగా కూర్చోవచ్చు." మోపిదేవి దగ్గర సగం బస్సు దిగిపోయింది, గుడికి. మిగిలిన దారంతా మేం నాన్నతోటే ఉన్నాం. అవనిగడ్డలో బస్సు ఆగిన ఇరవై నిమిషాల్లో వెనక సీటులో కూర్చుని నలుగురం పులిహోర తిన్నాం, డ్రైవరు బాబాయికి పెట్టాం. మళ్లీ అదే బస్సులో, మళ్లీ టిక్కెట్లు కొనుక్కుని, బందరు వచ్చాం. నేను చేసుకున్న పండగల్లో నాకు గుర్తున్నంతవరకూ పెద్దది అదే.

ఆఫ్ ఉన్నరోజు నా జడలు ఆయనవే. రిబ్బన్లు పెట్టి రెండు జడలు మడిచి కట్టేవాడు. అమ్మ వేసిన జడ మధ్యాహ్నానికి వదులయ్యేది, నాన్న వేసింది రాత్రి పడుకునేదాకా కదిలేది కాదు. కట్టలు కట్టిన చేతులు కదా. ఇంటర్‌కి నన్ను విజయవాడ హాస్టల్లో వేశాక వారంలో రెండుసార్లయినా ఏదో ఒకటి వచ్చేది. ఉతికిన బట్టలు, ఆవకాయ సీసా, కవరులో యాభై నోటు. ఏ బందరు బస్సు కండక్టరో కబురు పంపేవాడు, "మీ నాన్న ఇచ్చాడమ్మా" అని. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటుకుంటూ మా నాన్న చేతిముడి అలా నా దాకా వచ్చేది.

ఒక్కసారి మాత్రం నాన్న ఇంట్లో పదిరోజులు వరసగా ఉన్నాడు. ఆ పదిరోజులూ మా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడలేదు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద ఎక్కినవాడికి ఇంకా టిక్కెట్టు కొట్టకముందే చెకింగు జరిగింది. సస్పెన్షను. విచారణ. చివరికి ఒక ఇంక్రిమెంటు కోశారు. ఆయన తప్పు లేదని ఆ బస్సులో ఉన్నవాళ్లకి తెలుసు, సంతకాలు కూడా పెట్టారు. అన్యాయం జరిగిందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. నాన్న మాత్రం ఎవర్నీ ఒక్కమాట అనలేదు. పదిరోజులూ పొద్దున్నే మూడింటికి లేచి, స్నానం చేసి, గుమ్మంలో కూర్చునేవాడు. పదకొండో రోజు సైకిలు తీస్తున్న చప్పుడు వినిపించినప్పుడు దుప్పట్లో నేనూ తమ్ముడూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

ఇప్పుడు నాన్న బాకీల పుస్తకం సంగతి.

ఫోనులో డబ్బులేసేవాళ్లకి తెలియకపోవచ్చు గానీ, కండక్టరుకీ ప్యాసింజరుకీ మధ్య వచ్చే తగాదా అంతా చిల్లర దగ్గరే. చిల్లర లేకపోతే ఇవ్వాల్సింది టిక్కెట్టు వెనక రాసిస్తారు, దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. మరిచిపోయి దిగితే పోయినట్టే. నాన్న టిక్కెట్టు వెనక రాయడమే కాదు, జేబులో చిన్న పుస్తకంలో కూడా రాసుకునేవాడు. పేరు, ఊరు, పైసలు. "పేరేంటి బాబాయ్?" అని అడిగి మరీ. ప్యాసింజరు పేరడిగే కండక్టర్ని నేను వేరే చూడలేదు. దిగిపోయినవాళ్లు మళ్లీ ఎప్పుడు ఎక్కినా సొంత జేబులోంచి ఇచ్చి, ఆ గీత కొట్టేసేవాడు. ఆ పుస్తకాలు ట్రంకుపెట్టెలో దొంతరగా ఉండేవి. వాటి అడుగున ఒక గుడ్డసంచీ, దాన్లో రెండు ఇరవై పైసల బిళ్లలు.

ఆ రెండు బిళ్లల మీద మా ఇంట్లో ఏటా చిన్న గొడవ నడిచేది. 1968 నుంచి కొన్నేళ్లు అచ్చయిన ఇత్తడిరంగు ఇరవై పైసలవి, తామరపువ్వు బొమ్మతో. చాలామంది ఆడవాళ్లలాగే అమ్మ కూడా వాటిని లక్ష్మీపూజకి నూటఎనిమిది పోగుచేయాలనుకుంది. నూట ఆరు దగ్గర ఆగిపోయింది. పెట్టెలో రెండు ఉన్నాయి. నాన్న ఇవ్వడు. "అవి నావి కావే" అంటాడు. ఎవరివండీ అంటే చెప్పడు. అడిగినవన్నీ కాదనకుండా తెచ్చే మనిషి ఈ ఒక్కచోట అంత మొండికేయడం అమ్మకి అర్థమయ్యేది కాదు.

2011 జూన్‌లో పావలా, అంతకంటే చిన్న బిళ్లలు నెలాఖరు నుంచి చెల్లవని పేపర్లలో వచ్చింది. సెలవుకి నేను ఇంటికొచ్చి ఉన్నాను. అమ్మ పోపులడబ్బాలు, దేవుడి గూడు దులిపి ఉన్న చిల్లరంతా చాప మీద పోసింది, బ్యాంకులో మార్పిద్దామని. తామరపువ్వు బిళ్లలు మాత్రం పక్కకి తీసి పెట్టింది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్లాడు. అట్టడుగు పుస్తకం, గుడ్డసంచీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇక ఇచ్చినా చెల్లవమ్మలూ" అన్నాడు.

అది ఆయన మొదటి పుస్తకం. దాన్లో పేర్లు లేవు. "కూచిపూడి, ఎర్ర తువ్వాలు, 15." "చల్లపల్లి, కళ్లజోడు మేష్టారు, 30." అన్నీ కొట్టేసి ఉన్నాయి. ఒక్కటే కొట్టకుండా ఉంది. "నాగాయలంక, పీతల పిన్నమ్మ, 40."

1977 నవంబరు 18, శుక్రవారం. అవనిగడ్డ నుంచి నాగాయలంక ఆఖరి బస్సు. ఆవిడ వారంలో నాలుగు రోజులు ఎక్కేదట, ఖాళీబుట్ట ఒళ్లో పెట్టుకుని. ఊరు సముద్రం వైపు, సొర్లగొంది దారిలో ఎక్కడో. టిక్కెట్టు అరవై పైసలు, ఇచ్చింది రూపాయి నోటు. నాన్న దగ్గర చిల్లర అయిపోయింది. దిగేటప్పుడు గుర్తుచేస్తే ఆవిడ నవ్వి, "రేపిద్దువులే బాబూ, ఎక్కడికి పోతావు నువ్వు" అని దిగి చీకట్లో నడిచిపోయింది. రాత్రి డిపోలో కలెక్షనుతో పాటు ఆ నలభై పైసలూ కట్టేసి, పుస్తకంలో రాసుకున్నాడు. మర్నాడు నాన్నకి ఆఫ్.

మర్నాడు శనివారం. 19వ తేదీ. కృష్ణా తీరంలో ఉప్పెన తేదీ చెప్పాల్సిన పనిలేని ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సముద్రం ఊళ్ల మీదికి నడిచొచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొందిలాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. చెట్లు కూలిన రోడ్లు బాగయ్యి, బస్సు మళ్లీ నాగాయలంక దాకా వెళ్లిన మొదటిరోజుల్లో నాన్న ఆ డ్యూటీ అడిగి వేయించుకున్నాడట. సొంత డబ్బులోంచి రెండు ఇరవై పైసలు తీసి, వాటిని చొక్కా పైజేబులో విడిగా పెట్టుకున్నాడు.

"అడగని మనిషి లేడమ్మా. పీతలమ్మే పిన్నమ్మ, ఎడమ చేతికి పచ్చబొట్టు అనేవాణ్ణి. ఏ పిన్నమ్మ బాబూ, పేరేంటి అనేవాళ్లు. నాకు పేరు తెలియదు. రెండేళ్లు టిక్కెట్టు కొట్టాను, పేరడగలేదు నేను. పోయిందని ఎవరూ చెప్పలేదు. ఉందనీ చెప్పలేదు. ఉంటే, ఏదో ఒక రోజు ఎక్కుద్ది కదా."

నేను పెట్టెలోంచి రెండో పుస్తకం తీసి తెరిచాను. 1977 డిసెంబరు. మొదటి పేజీ నుంచీ పేర్లున్నాయి.

అమ్మ చాప మీద చిల్లర పోగుచేస్తూ అంతా వింది. ఏమీ అనలేదు. ఆ ఏడు దీపావళికి నూట ఆరు తామరపువ్వు బిళ్లలు, రెండు కొత్త రూపాయి బిళ్లలు పెట్టి పూజ చేసుకుంది. ఆ తర్వాత ఏటా అంతే.

రిటైరయ్యాక కూడా నాన్న మూడింటికే లేచేవాడు. సాయంత్రం బస్టాండుకి నడిచి వెళ్లి, బోర్డు చదవలేని ముసలివాళ్లని ఏ బస్సో కనుక్కుని ఎక్కించి వచ్చేవాడు. ఆయన పింఛను మందులకి కూడా సరిపోయేది కాదు, అయినా లోటు మాట ఎత్తలేదు. 2020 జనవరి 1న ఆర్టీసీ వాళ్లని ప్రభుత్వ ఉద్యోగుల్లో కలిపినప్పుడు ఆయనకి పెరిగేదేమీ లేదు. అమ్మ చేత పరమాన్నం వండించాడు. "పిల్లలకి మేలు జరిగింది" అన్నాడు. పిల్లలంటే డిపోలో కుర్రాళ్లు.

2024 చలికాలంలో మంచం పట్టాడు. ఆఖరి నాలుగు రోజులు మాట లేదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం దుప్పటి అంచు మీద ఆడుతూనే ఉన్నాయి, ఒక్కో పొరా విడదీస్తున్నట్టు. నర్సమ్మ అది జబ్బు లక్షణం అంది. అయ్యుంటుంది. అమ్మ లేచి వెళ్లి అమృతాంజనం డబ్బాలో తడి స్పాంజి పెట్టి తెచ్చి, ఆ వేళ్ల దగ్గర పెట్టింది.

ఇప్పుడా పుస్తకం, రెండు బిళ్లలూ నా దగ్గరున్నాయి. నాగాయలంక వెళ్లినప్పుడల్లా సంచీలో పెట్టుకు వెళ్తున్నాను. ఆవిడ ఉంటే నూరేళ్లు దాటి ఉంటుందేమో, ఆవిడ పిల్లలో మనవలో ఉంటారు. ఎడమచేతి పచ్చబొట్టు గురించి ఇంకా అడుగుతున్నాను.

మొన్న అమ్మని మోపిదేవి తీసుకెళ్లాను, బందరు నుంచి బస్సులోనే. ఆడవాళ్లకి టిక్కెట్టు డబ్బుల్లేకుండా బస్సులు నడుస్తున్నాయి కదా ఇప్పుడు, 2025 ఆగస్టు నుంచి. కండక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. అమ్మ ఆధార్ కార్డు చూసి, మిషను నొక్కి, సున్నా చార్జీ కాగితం చింపి ఇచ్చింది. "జాగ్రత్తగా పెట్టుకో మామ్మా, చెకింగొస్తే అడుగుతారు" అంది.

అమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది. అద్దాలు సరిచేసుకుని, కాగితం వెనక్కి తిప్పి చూసింది.